నీలం దారం కట్టిన చీర

పట్టుచీర చూసిపెట్టమని ఎవరు తెచ్చినా మా రావమ్మక్క ఇప్పుడు దాని మీద చెయ్యి వెయ్యదు. "నాకేం తెలుసమ్మా, ఇంకెవరికైనా చూపించండి" అనేసి కుట్టుమిషను మీదకి వంగిపోతుంది. వచ్చినవాళ్లు బిత్తరపోతారు. మొన్న మొన్నటి దాకా పట్టు గురించి బెజవాడలో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదన్నట్టు మాట్లాడిన మనిషి ఆవిడే మరి.

నేను ఆవిడ తోటికోడల్ని. ముందు వాటాలో ఆవిడ కాపురం, వెనక వాటాలో నాది. మధ్య గోడ పేరుకే గోడ, ఇటు పోపు వేస్తే అటు తుమ్ములొస్తాయి. ఆవిడ సంగతులు నాకు తెలియనివి తక్కువ. అన్నీ చెప్పేదాన్ని కాదు గానీ, ఈ ఒక్కటి ఆవిడే నోరు విప్పి ఒప్పుకుంది కాబట్టి నేను చెప్పడంలో తప్పు లేదనుకుంటాను.

అక్క పని చీరలకి ఫాల్ కుట్టడం, పీకో చెయ్యడం. మా వైపు ఎవరింట్లో పెళ్లయినా ఆ చీరలు ముందు ఆవిడ ఒళ్లోకి వస్తాయి, తర్వాతే పెళ్లికూతురి ఒంటి మీదకి వెళ్తాయి. వచ్చిన ప్రతి చీరనీ రెండు వేళ్ల మధ్య నలిపి తీర్పు చెప్పేది. "ఇది పట్టు", "ఇది సగం పట్టు", "ఇది పట్టు పేరు చెప్పి నీకు అంటగట్టిన గుడ్డ". ఆవిడని వెంటబెట్టుకుని చీరలు కొనడానికి వెళ్తే షాపులో కుర్రాళ్లు మమ్మల్ని చూసి పై అరలోవి తియ్యడం మానేసేవాళ్లు. ఇంతా చేస్తే, ఇన్నేళ్లూ ఊరందరి పట్టూ ఒళ్లో వేసుకుని కుట్టిన మనిషికి సొంత పట్టుచీర ఒక్కటే ఉంది. పెళ్లినాటిది. జరీ నల్లబడి, మడతల దగ్గర పిగిలిపోయింది. దాన్నే ప్రతి శుభకార్యానికీ కట్టేది.

మా ఇల్లు ఇంద్రకీలాద్రి కింద, మెట్లదారికి దగ్గర. కొండెక్కే జనం మా వీధిలోంచే వెళ్తారు. దసరాలు వచ్చాయంటే మా అరుగు మాది కాదు. చెప్పులు విడిచేవాళ్లు, పిల్లలకి పాలు పట్టేవాళ్లు, కుండలో నీళ్లు అడిగేవాళ్లు. అక్క విసుక్కునేది కాదు, అది ఆవిడలో గొప్ప గుణం. కాకపోతే నీళ్లతో పాటు నాలుగు మాటలు కూడా పోసేది. అమ్మవారికి మామూలు చీర పట్టుకొచ్చినవాళ్లు కనబడితే మరీను. "మొక్కుకునేటప్పుడు పట్టంటారు, తెచ్చేటప్పుడు పాలిస్టరు తెస్తారు. తల్లికి పెట్టే దగ్గర కూడా కక్కుర్తేనా?" అని మొహం మీదే అనేసేది. పాపం వాళ్లు చీర కవరు వెనక్కి దాచుకునేవాళ్లు. నేను లోపలికి పోయి తలుపేసుకునేదాన్ని.

అలా నీళ్లు అడగడానికి వచ్చి మాకు చుట్టంలా అయిపోయిన మనిషి గంగాదేవి. నాగాయలంక అవతల, ఏరు సముద్రంలో కలిసే చోట వాళ్ల ఊరు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట చేపలు అమ్ముతుంది. కొడుకు సాయిగణేష్ బోటు మీద వేటకి వెళ్తాడు. ఏటా అమ్మవారి దర్శనానికి వస్తే ముందు రోజు సాయంత్రం మా అరుగు మీదే దిగుతుంది. ఎండురొయ్యలు తెస్తుంది. శుక్రవారం దాటేదాకా ఇంట్లోకి తేకూడదని ఆ పొట్లం నా పెరటి గోడ మీద పెట్టిస్తుంది అక్క. శనివారం వండేది నేను, ఎక్కువ తినేది ఆవిడ. గంగాదేవి తన జాకెట్టో చీరో కుట్టించుకుని "కూలెంతండీ?" అని ఏటా అడుగుతుంది. "నీ దగ్గర కూలేంటి, నువ్వు మా మనిషివి" అని ఏటా అక్క కసురుతుంది.

ఆ మధ్య వాయుగుండం పట్టినప్పుడు సాయిగణేష్ బోటు కబురు లేకుండా పోయింది. గంగాదేవి ఒడ్డున కూర్చుని, బెజవాడ ఎటుందో అటు తిరిగి మొక్కుకుందట, బిడ్డ తిరిగొస్తే పట్టుచీర పెడతానని. ఇంజను చెడి ఎక్కడో పరాయి రేవుకి కొట్టుకుపోయిన పిల్లాడు బతికే వచ్చాడు. ఆమె చేపల గంప మీద కూడబెట్టి, బందరు వెళ్లి చీర కొని, మా ఇంటికొచ్చింది. చిలకాకుపచ్చ చీర, మెరూన్ అంచు. అక్క చేతులు కడుక్కుని మరీ పట్టుకుంది. వేళ్ల మధ్య నలిపింది, దీపం దగ్గర పెట్టి జరీ చూసింది.

"అసలు పట్టు, గంగాదేవీ. నిన్నెవరూ మోసం చెయ్యలేదు" అంది.

గంగాదేవి మొహం వెలిగిపోయింది. చీర కొంగుకి పసుపుకొమ్ము కట్టి ఉంది, నీలం నైలాను దారంతో. "మావాడి వల దారమండీ. ఆ వల మీదే కదా వాడు బతికేది. అమ్మకి తెలుస్తదని దాంతోనే కట్టా" అంది. చీర తీసుకెళ్లి అక్క దేవుడి గూట్లో పెట్టింది.

తెల్లారి నదిలో స్నానం చేసి వచ్చేసరికి ఆమె ఫోను మోగింది. ఎత్తకుండా ఉంటే ఏ గొడవా లేకపోను. వాళ్ల మరిది కోడలు ప్రసవించింది, ఆడపిల్ల. సంతోషమే, కానీ ఆ వంశం వాళ్లందరికీ పురిటిమైల. విన్నాక ఇంక కొండెక్కకూడదు. గంగాదేవి మా గుమ్మం కూడా తొక్కలేదు, వీధిలోనే నిలబడిపోయింది. మెట్లదారి ఎదురుగా కనబడుతోంది, జనం ఎక్కుతున్నారు.

"చీర మాత్రం నేను ముట్టుకోలేదండీ, మైల రాకముందే మీ గూట్లో ఉంది. మీరు శుక్రవారం ఎలాగూ వెళ్తారుగా రావమ్మగారూ, నా పేరు చెప్పి అమ్మకి ఇచ్చెయ్యండి. పురుడు వెళ్లాక నేనొచ్చి దణ్ణం పెట్టుకుంటా" అంది. గోపురం వైపు చేతులెత్తి మొక్కి బస్టాండుకి వెళ్లిపోయింది.

ఇక్కడి నుంచి నేను కళ్లతో చూడలేదు. తర్వాత అక్క చెప్పిందే.

ఆ వారంలోనే అక్క మేనల్లుడు సిద్ధార్థ పెళ్లి, బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ ఫంక్షన్ హాల్లో. అంతకుముందు వాళ్ల గృహప్రవేశంలో అక్క వదినగారు నలుగురిలో నవ్వుతూ, "ఏంటి రావమ్మా, ఈ చీరని నువ్వు వదలవా, అది నిన్ను వదలదా?" అందట. ఆ మాట అక్క గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి కొత్తది కట్టాలని ఒక చీర కొనుక్కుంది. అది పట్టు కాదు, పట్టులా కనబడేది. కొన్న మనిషికి ఆ సంగతి తెలియకపోతే బాగుండేది, కానీ ఈవిడ వేళ్లు ఊరుకోవుగా. దానికి ఫాల్ కూడా కుట్టేసి పెట్టుకుంది. అదీ చిలకాకుపచ్చే, అదీ మెరూన్ అంచే. గంగాదేవి చీర నచ్చి అక్క ఆ రంగు కొన్నదేమోనని అనుకోకండి, ముందే కొంది. ఆ రంగు మా వైపు ఆడవాళ్లందరికీ పిచ్చి.

రెండు చీరలూ మంచం మీద పక్కపక్కన పరిచి చూసుకుందట. అమ్మవారికి వచ్చే చీరలు గుట్టలు గుట్టలు. పాదాల దగ్గర పెడతారు, తీస్తారు, తర్వాత కౌంటర్లో అమ్మేస్తారు. ఆ తల్లికి ఇదైతేనేం, అదైతేనేం అనుకుంది. వీధిలో జనాన్ని కక్కుర్తి అని తిట్టిన నోటితోనే తనకి తను అలా సర్ది చెప్పుకుంది. తన చీరకి కుట్టిన ఫాల్ జాగ్రత్తగా విప్పేసింది, ఇస్త్రీ చేసింది. పసుపుకొమ్ముని మాత్రం నీలం దారంతో సహా గంగాదేవి చీర మీంచి విప్పి తన చీర కొంగుకి కట్టింది. "కనీసం ఆ దారమైనా చేరాలి కదే అమలా" అంది నాతో తర్వాత. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. మొక్కిన తల్లి ప్రాణం ఆ దారంలో ఉందని తెలిసీ చేసిందన్నమాట.

శుక్రవారం ఎప్పుడూ ఇద్దరం కలిసి కొండకి వెళ్తాం. ఆ శుక్రవారం నన్ను పిలవకుండా ఒక్కతే వెళ్లొచ్చింది. నాకు అనుమానం రాలేదు, కోపం వచ్చింది.

పెళ్లికి మాత్రం అక్క వెలిగిపోయింది. అబద్ధమెందుకు, పట్టు పట్టే. నడుస్తుంటే కుచ్చిళ్లు సరసరమని చప్పుడు చేశాయి. ఆ వదినగారే దగ్గరకొచ్చి కొంగు చేత్తో పట్టుకుని, "ఎక్కడ తీసుకున్నావ్ రావమ్మా?" అని అడిగింది.

"బందర్లో" అంది అక్క.

నేను పక్కనే కూర్చుని లడ్డూ తింటున్నాను. ఈవిడ బందరు ఎప్పుడెళ్లింది చెప్మా అనుకున్నాను. తనకో ఆకుపచ్చ చీర కొనుక్కుందని ముందే తెలుసు కాబట్టి ఇంకేం తోచలేదు. అడగలేదు. భోజనాల దగ్గర కూడా కొంగు దోపుకుని, ఒళ్లో రుమాలు పరుచుకుని, పులుసు వద్దని పెరుగన్నంతో లేచిపోయింది. గంధం పెట్టిన పిల్ల చెయ్యి తగిలి కొంగు మీద పసుప్పచ్చటి మరక పడితే మొహం పాలిపోయింది.

పురుడు వెళ్లాక గంగాదేవి మళ్లీ వచ్చింది. ఈసారి వెంట కోడలు రుచిత. ఆ పిల్లకి ఏడో నెల. ఇద్దరూ ముందు కొండకెళ్లి దర్శనం చేసుకుని, తర్వాత మా ఇంటికొచ్చారు. నేను అక్క గదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. గంగాదేవి గుమ్మంలోంచే కేకేసింది.

"రావమ్మగారూ, చూశారా! అమ్మ నా చీర నాకే ఇచ్చిందండీ!"

ఇచ్చిన చీరనే మళ్లీ డబ్బు కట్టి ప్రసాదంగా తీసుకెళ్లేవాళ్లు ఉంటారు, అది మాకు కొత్త కాదు. కోడలి శ్రీమంతానికి అమ్మవారి చీర కట్టించాలని గంగాదేవి కౌంటర్లో అడిగిందట. ఆకుపచ్చ చీర, కొంగుకి నీలం దారం అని ఆనవాలు చెప్పింది. అక్కడి అమ్మాయి ఓపిగ్గా వెతికి తీసిచ్చింది. ఆ నీలం దారం చూడగానే గంగాదేవి కౌంటరు దగ్గరే ఏడ్చేసిందని రుచిత నవ్వుతూ చెప్పింది.

అక్క నవ్వలేదు. మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

"దీనికి ఫాల్ కుట్టాలండీ, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాం" అంటూ గంగాదేవి చీర మడత విప్పి కోడలి భుజం మీద వేసింది. కొంగు సవరించింది. సవరిస్తూ సవరిస్తూ ఆగిపోయింది. ఇంకోసారి తడిమింది. అంచు దగ్గర, మడత దగ్గర, మళ్లీ కొంగు దగ్గర.

"ఇదేంటండీ, గరుగ్గా ఉంది" అంది. నవ్వు పోయింది. నెమ్మదిగా నేల మీద కూర్చుంది. "బందర్లో కొన్నప్పుడు మెత్తగా ఉన్నట్టే ఉందే. మెరుపు చూసి మురిసిపోయానేమో. చేపలమ్ముకునేదానికి ఏం తెలుస్తదని అంటగట్టి ఉంటాడు."

ఆమె అక్క వైపు చూసింది.

"రావమ్మగారూ, ఆ రోజు మీరు చూశారుగా. మీ చేతికి తెలియని పట్టుందా? ఇది పట్టు కాదని మీకు అప్పుడే తెలిసుంటది. నా మనసు కష్టపెట్టడం ఎందుకని పట్టేనన్నారు కదూ? మీ మంచితనం మీది. కానీ చూడండి, నా బిడ్డని ఒడ్డుకి చేర్చిన తల్లికి దొంగచీర పెట్టాను. అందుకే నా మొహాన తిరిగి కొట్టింది. ఇందాక కొండ మీద ఎంత ధైర్యంగా నిలబడి దణ్ణం పెట్టానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనుంది నాకు."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చేపల బేరంలో గంగాదేవి గొంతు నాలుగు వీధులకి వినిపిస్తుందంటారు. ఆ రోజు ఏడుపు కూడా పక్కనున్న నాకు వినబడీ వినబడకుండా ఉంది.

అక్క మొహం చూసి నాకు భయం వేసింది. పట్టేనని ఒక్క మాటంటే చాలు, గంగాదేవి నమ్మేసేది. కళ్లు తుడుచుకుని, చీర తీసుకుని, సంతోషంగా బస్సెక్కేది. ఆ మాట అక్క నోటి దాకా వచ్చిందట కూడా. అనలేకపోయింది. లేచి లోపలికెళ్లింది. బీరువా తలుపు చప్పుడు వినిపించింది. ఆకుపచ్చ పట్టుచీర తెచ్చి, గంగాదేవి ముందు నేల మీద పెట్టి, తనూ నేల మీదే కూలబడింది.

"నీది ఇది. అది నాది. నేనే మార్చాను" అంది.

ముందు అర్థమైంది రుచితకే. "అంటే అత్తయ్యా, మన చీర ఈవిడ కట్టుకున్నారు. ఈవిడ చీర అమ్మవారికి పెట్టారు. అంతే కదండీ?" అంది. ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది, ఆ ఇంటి కోడల్నే కదా నేనూ.

"నువ్వూరుకో" అంది గంగాదేవి. పట్టుచీర ఒళ్లోకి తీసుకుంది. కుచ్చిళ్ల అంచున కుట్టి ఉన్న ఫాల్ చూసింది. కొంగు మీద గంధం మరక చూసింది.

"కట్టారా?"

"కట్టాను."

మా అక్క నోట్లోంచి అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండునని మొక్కుకున్నాను కూడా. గంగాదేవి పెద్దగా ఊపిరి తీసి వదిలింది.

"హమ్మయ్య" అంది. "అయితే నేను మోసం చెయ్యలేదు అమ్మని."

అక్క రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచే ఏదేదో చెప్పింది. పెళ్లి అంది, వదిన అంది, ఆ గృహప్రవేశం సంగతి ఎత్తింది. ఎత్తి, ఆ మాటకి ఇక్కడ విలువ లేదని తనకే తెలిసి సగంలో ఆపేసింది. "నేను కొనిస్తాను గంగాదేవీ. ఇంతకంటే మంచిది కొనిస్తాను. మిషను అమ్మయినా సరే" అంది.

"నా మొక్కు మీరెట్టా తీరుస్తారండీ?" అంది గంగాదేవి. వెటకారంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టే అడిగింది. "వాడి తల్లిని నేను. మళ్లీ గంప ఎత్తి నేనే కొంటా. ఈసారి నా చేత్తో ఇస్తా."

పట్టుచీర మడత పెట్టి అక్క ముందుకి జరిపింది. "ఇది మీరు కట్టేశారు. ఇంక అమ్మకి పనికిరాదు. నాకెందుకు?"

తర్వాత కోడలి భుజం మీద ఉన్న ఆ రెండో చీర తీసి, నీలం దారం ముడి గట్టిగా ఉందో లేదో చూసింది. "ఇదంటారా, ఎవరిదైతేనేం, తల్లి దగ్గరికెళ్లి వచ్చింది. మా పిల్ల శ్రీమంతానికి ఇదే కడతది. ఫాల్ కుట్టండి" అంది.

అక్క కుట్టింది. మెరూన్ ఫాల్ కోసం వెతికితే కొత్తది లేదు. గుడ్డముక్కల సంచిలోంచి, అప్పుడు విప్పేసిన ఫాల్ తీసింది. ఈ చీరకి కొలిచి కత్తిరించిందేగా, అంగుళం తేడా లేకుండా సరిపోయింది. అంచు వెంట వెనకటి సూది బెజ్జాలు ఇంకా కనబడుతున్నాయి. ఇస్త్రీకి పోలేదవి. ఆ బెజ్జాల్లోంచే మళ్లీ సూది దింపుతూ పోయింది. కన్నీళ్లు చీర మీద పడతాయని కాబోలు, ఏడవను కూడా లేదు. రుచిత గోడకి ఆనుకుని నిలబడి ప్రతి కుట్టూ చూసింది. గంగాదేవి బయట అరుగు మీద, కొండ వైపు తిరిగి కూర్చుంది. నేను కాఫీ ఇస్తే వద్దనకుండా తాగింది. దాంతో నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

పనయ్యాక అక్క చీర మడిచి రెండు చేతుల్తో ఇచ్చింది. గంగాదేవి కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకుంది. రొంటిన ఉన్న డబ్బుల సంచి విప్పింది. ఈసారి కూలెంతండీ అని అడగలేదు. ఊళ్లో ఎంత తీసుకుంటారో ఆమెకి తెలుసు. నోట్లు లెక్కగా తీసి మిషను మూత మీద పెట్టింది.

"తీసుకోండి" అంది.

అక్క నోరు తెరిచింది. ఏటా అనే మాటే, నాకూ తెలుసు, గంగాదేవికీ తెలుసు. ఆమె ఒక్క క్షణం ఆగింది కూడా. ఆ మాట రాలేదు. రుచిత చెయ్యి పట్టుకుని గంగాదేవి మెట్లు దిగి వెళ్లిపోయింది.

కుట్టుకూలి కళ్లకద్దుకుని గానీ డ్రాయరులో వెయ్యదు మా అక్క. ఆ డబ్బు చాలాసేపు మూత మీదే ఉంది. చివరికి తీసింది, కళ్లకి అద్దుకోకుండా డ్రాయరులో వేసి మూసేసింది.